కంటికి కానరాని తోడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మన సూలూరు ఇండ్లలో రాత్రి పడుకోబోయే ముందు ఇల్లాలు చేసే చివరి పని పాలకు తోడు పెట్టడం. గోరువెచ్చని పాలలో చెంచాడు నిన్నటి పెరుగు కలిపి మూత పెడితే, తెల్లవారేసరికి గిన్నెలో పెరుగు గడ్డకట్టి ఉంటుంది. ఆ పని చేసేది లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా. నిన్నటి పెరుగు నుండి నేటి పాలకు, నేటి పెరుగు నుండి రేపటి పాలకు అవి తరతరాలుగా సాగివస్తున్నాయి. తోడు అనే మాటకు మన భాషలో మరొక అర్థం కూడా ఉన్నది. అది స్నేహం, సాంగత్యం. ప్రాణుల దేహాలలో నివసించే మేలైన బాక్టీరియాకు ఈ రెండు అర్థాలూ చక్కగా సరిపోతాయి.

ప్లాటినం జూబిలీ సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయవలసివచ్చినపుడు నాకు వెంటనే స్ఫురించినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సహజీవన బాక్టీరియాను ప్రత్యేకాంశంగా పరిశోధించినవారు కారు. అయినా ఆయన చేపట్టిన ప్రతి ముఖ్య పరిశోధన వెనుకా ఆ కంటికి కానరాని తోడు ఉన్నదని తరువాతి కాలపు శాస్త్రం తెలిపింది. కొంత ఆయన కాలంలోనే తెలిసింది. చాలా భాగం ఆయన మరణానంతరమే వెల్లడైంది. ఆ దృష్టితో ఆయన జీవితాన్ని తల్లిదండ్రుల ముందు, తోటి ఉపాధ్యాయుల ముందు, పూర్వ విద్యార్థుల ముందు ఉంచాలన్నదే నా ప్రయత్నం.

మూడవ ప్రయత్నం

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం గల ఆ కుటుంబంలో సంపద లేదు. తండ్రి అనారోగ్యం, ఆపై ఆయన మరణం ఇంటి భారమంతా తల్లి భుజాల మీద పెట్టాయి. బాలుడు చదువులో కుదురుగా ఉండేవాడు కాడు. ధనం సంపాదించాలనే కోరికతో, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకోవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరాడట. తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది.

రాజమహేంద్రవరంలో చదువుతున్న కాలంలో ఆప్తుల మరణాలు ఆ లేత మనస్సును క్రుంగదీశాయి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పారు. చివరకు మదరాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున ముఖం చాటేసుకొని ఇంటికి పోయే పిల్లలను ఒక ప్రధానోపాధ్యాయినిగా ఎందరినో చూశాను. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం గుర్తుండాలని నా కోరిక. ప్రపంచానికి ప్రాణదాయకమైన మందులు అందించిన శాస్త్రజ్ఞుడు పదవ తరగతి స్థాయి పరీక్షలో రెండుసార్లు తప్పిన విద్యార్థి. అతడిని మరల మరల బడికి పంపిన తల్లి ఒకరున్నందువల్లనే ఆ మందులు వచ్చాయి.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన తరువాత ఆయన మనస్సు రామకృష్ణ మిషన్ వైపు, సన్న్యాసం వైపు మళ్ళింది. తల్లి అందుకు సమ్మతించలేదు. రోగులకు సేవ చేయడం కూడా భగవత్సేవయే అన్న భావంతో ఆయన మదరాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రుల సహాయం, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి ఆదరణ ఆ చదువును నిలబెట్టాయి. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారిని వివాహమాడారు.

అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీమహాత్ముని పిలుపునందుకొని సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వస్త్రాలు ధరించి వెళ్ళారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. పర్యవసానంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం లభించక, మదరాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉపన్యాసకులుగా చేరారు.

సంగ్రహణి నేర్పిన పాఠం

ఈ కాలంలోనే ఆ ఇంటిని ఒక భయంకర వ్యాధి కమ్ముకొన్నది. అది ఉష్ణమండల స్ప్రూ. మన పెద్దలు సంగ్రహణి అని పిలిచినది ఇటువంటి రోగాన్నే. విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటబట్టదు. నాలుక పుండుపడుతుంది, రక్తం తరిగిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. సోదరుడు పురుషోత్తం ఆ వ్యాధికి బలియయ్యారు. సుబ్బారావు గారు కూడా దాని వాతబడి, లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకొన్నారు. సోదరుని పోగొట్టుకొని తాను మిగిలిన ఆ అనుభవమే ఆయనను సముద్రాలు దాటించింది.

మన పేగులలో బాక్టీరియా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే మేలు చేస్తుంది. పెద్దపేగు వాటి సహజ నివాసం. చిన్నపేగు ఆహారసారం రక్తంలోకి చేరే చోటు. అక్కడ వాటి సంఖ్య చాలా స్వల్పంగా ఉండాలి. స్ప్రూ రోగులలో ఈ ఏర్పాటు తలక్రిందులవుతుంది. రోగుల చిన్నపేగు పైభాగంలో బాక్టీరియా స్థావరమేర్పరచుకొంటుందని, పేగు లోపలి పొర దెబ్బతిని విటమిన్లు ఒంటబట్టడం ఆగిపోతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని మన రాష్ట్రంలోనే, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగాయి. ఆ సోదరుని ప్రాణం తీసినది, ఒక విధంగా చెప్పాలంటే, మనిషికి అతని సూక్ష్మజీవులకు నడుమ చెడిన పొత్తు. ఆనాడు ఇది ఎవరికీ తెలియదు.

హార్వర్డులో

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయ వాగ్దానంతో, మామగారు కూడబెట్టిన ధనంతో సుబ్బారావు గారు 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. భుక్తి కోసం రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు. స్వదేశంలో జన్మించిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. భార్యను ఆయన మరల కలుసుకోలేదు. ఆ ఘనత వెనుక ఒక ఇల్లాలి జీవితకాలపు నిరీక్షణ ఉన్నదని మరువరాదు.

జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ గారితో కలిసి ఆయన 1925లో రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరున అది ప్రపంచమంతటా పాఠ్యాంశమైంది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే అణువును వారు వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. మనం నడిచినా, మాట్లాడినా, గుండె కొట్టుకొన్నా వ్యయమయ్యే శక్తి నాణెం ఈ అణువే. 1930లో సుబ్బారావు గారికి డాక్టరేటు లభించింది.

ఆ నాణెం ముద్రించే టంకశాల మన కణాలలోని మైటోకాండ్రియా. ఈ మైటోకాండ్రియా పూర్వం స్వేచ్ఛగా జీవించిన బాక్టీరియా అని, వంద కోట్ల సంవత్సరాలకు ముందే మరొక కణంలో ప్రవేశించి అక్కడే స్థిరపడ్డాయని 1967లో లిన్ మార్గులిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. మొదట ఈ వాదాన్ని చాలామంది త్రోసిపుచ్చారు. వాటికి బాక్టీరియాను పోలిన సొంత డి.ఎన్.ఎ. ఉన్నదని నిరూపితమైన తరువాత శాస్త్రలోకం అంగీకరించింది. మనిషికి మైటోకాండ్రియా సంక్రమించేది తల్లి అండం నుండి మాత్రమే. సుబ్బారావు గారు కండరంలో కనుగొన్న శక్తి, ఈ భూమి మీది అతి ప్రాచీనమైన పొత్తు ఫలితమన్నమాట.

ఆవు కాలేయంలోని రహస్యం

ఆ దినాలలో ప్రాణాంతక రక్తహీనతకు కాలేయపు సారం మందుగా వాడేవారు. ఆ సారంలో పనిచేసే పదార్థమేదో తేల్చాలని సుబ్బారావు గారు హార్వర్డులోనే పూనుకొన్నారు. అక్కడ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలకు మారి, అనతికాలంలోనే అక్కడి పరిశోధనలన్నింటికీ సారథ్యం వహించారు.

పశువుల కాలేయంలోకి ఆ మందు ఎక్కడి నుండి వచ్చింది? సమాధానం మన దొడ్డిలోనే ఉన్నది. గడ్డిలోని పీచును జీర్ణించుకొనే శక్తి ఆవుకు స్వతహాగా లేదు. దాని మొదటి పొట్ట ఒక పెద్ద పులిసే తొట్టె. అందులోని ద్రవంలో ఒక్కొక్క మిల్లీలీటరుకు సుమారు వెయ్యి కోట్ల బాక్టీరియా ఉంటుంది. అవి పీచును విరిచి ఆవుకు ఆహారం అందిస్తాయి. అవే విటమిన్ బి–12ను తయారుచేస్తాయి. ఈ విటమిన్‌ను మొక్కలూ చేయలేవు, జంతువులూ చేయలేవు. సూక్ష్మజీవులే చేయాలి. ఆవు దానిని కాలేయంలో నిలవచేసుకొంటుంది, కొంత పాలలోకి పంపుతుంది. శాకాహార కుటుంబాలకు బి–12 అందేది ముఖ్యంగా పాలు, పెరుగు ద్వారానే. 1948లో అమెరికాలోను, ఇంగ్లండులోను రెండు బృందాలు బి–12ను వేరుచేశాయి.

పుట్టిన దూడ పొట్టలో ఈ సూక్ష్మజీవుల సంపద ఉండదు. తల్లి నాలుకతో నాకినపుడు, పొదుగు కుడిచినపుడు, తల్లి మేసిన చోటనే గడ్డి కొరికినపుడు అవి కొద్దికొద్దిగా దూడలో ప్రవేశిస్తాయి. కొన్ని వారాలకు దూడ నెమరు వేయడం మొదలుపెడుతుంది. విజయనగర, నాయకరాజుల కాలం నుండి ఈ సీమకు వచ్చి, నల్లరేగడిలో పత్తి పండించి, పాడి పెంచిన కుటుంబాల వారసులము మనం. దూడను తల్లి నాకుతుంటే ఈడ్చుకుపోరాదని మన పెద్దలు ఎందుకు వారించేవారో ఇపుడు శాస్త్రం చెబుతున్నది.

ఫోలిక్ ఆమ్లం

ఫోలిక్ ఆమ్లం చరిత్రకు కూడా మన దేశంతో సంబంధం ఉన్నది. 1928 నుండి బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లు కార్మికులైన గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకొంటున్నారని 1931లో ప్రకటించారు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని కొద్దిపాటిగా వేరుచేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట ఆధారంగా ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

దీనిని శుద్ధరూపంలో సాధించి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసే భారం సుబ్బారావు గారి బృందం వహించింది. ఇంత సూక్ష్మ పరిమాణంలో ఉండే పదార్థాన్ని కొలవడానికి వారికి ఉపయోగపడిన త్రాసు మరేదో కాదు, లాక్టోబాసిల్లస్ కేసి అని ఆనాడు పిలిచిన బాక్టీరియా. అది మన పెరుగు బాక్టీరియాకు దగ్గరి చుట్టమే. దానికి ఈ విటమిన్ లేనిదే పెరుగుదల లేదు. ఏ గొట్టంలో అది ఎక్కువగా పెరిగితే ఆ గొట్టంలో విటమిన్ అంత ఎక్కువ ఉన్నట్లు లెక్క. కాలేయం నుండి లభించే మోతాదు చాలనపుడు, మరొక బాక్టీరియాను పెంచిన ద్రవం నుండి దాని వేరొక రూపం లభించింది. 1945లో కృత్రిమ ఫోలిక్ ఆమ్లం సిద్ధమైంది. అటుపై టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని రక్తహీనత రోగులకు, క్యూబాలోని స్ప్రూ రోగులకు ఇచ్చి మంచి ఫలితాలు పొందారు. సోదరుని వ్యాధికి మందు లభించింది. సోదరుడు మాత్రం లేడు.

ఇదే దశాబ్దంలో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు మరొక సంగతి వెల్లడించాయి. శుద్ధిచేసిన ఆహారం తినే ఎలుకలకు పేగులలోని బాక్టీరియాను చంపే సల్ఫా మందులు కలిపి పెడితే, వాటిలో ఫోలిక్ ఆమ్లం, విటమిన్ కె వంటివాటి లోపం కనిపించింది. ఆహారంలో లేని విటమిన్లను అంతవరకు వాటి పేగులలోని బాక్టీరియా సమకూరుస్తూ ఉండేదన్నమాట. బాక్టీరియా అంటే రోగకారకమే అన్న భావన అక్కడ సడలింది.

ఫోలిక్ ఆమ్లం చేతికి చిక్కిన తరువాత దానిని పోలి, దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా ఆయన బృందం తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యూకేమియా సోకిన పసిపిల్లలకు చికిత్స చేసి, రోగం తాత్కాలికంగా వెనుకకు తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సరుకు మందుల ద్వారా చికిత్స చేయవచ్చునన్న ఆశ అక్కడ మొలకెత్తింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

పురుగులో దాగిన సూక్ష్మజీవి

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన సైనికులకు ఫైలేరియా సోకింది. గోదావరి మండలంలో పెరిగిన సుబ్బారావు గారికి బోదకాలు వ్యాధి క్రొత్త కాదు. ఆయన నాయకత్వంలో 1947లో హెట్రజాన్ అనే మందు వెలువడింది. దాని రసాయన నామం డైఈథైల్ కార్బమజిన్. 2004 నుండి మన దేశంలో బోదకాలు పీడిత జిల్లాలలో ఏటేటా ప్రజలందరికీ పంచిన మాత్ర ఇదే.

ఇక్కడొక ఆశ్చర్యకరమైన విషయం. 1924లో హార్వర్డులోనే హెర్టిగ్, వోల్బాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు క్యూలెక్స్ దోమ కణాలలో ఒక బాక్టీరియాను చూశారు. దానికి తరువాత వొల్బాకియా అనే పేరు వచ్చింది. సుబ్బారావు గారు అదే విద్యాసంస్థలో పనిచేస్తున్న కాలమది. అర్ధశతాబ్దం గడిచాక బోదకాలు కలిగించే పురుగు జాతులలో కూడా బాక్టీరియా వంటి రూపాలు కనిపించాయి. అవి వొల్బాకియాయే అని 1990లలో తేలింది. తల్లి పురుగు అండం ద్వారానే పిల్ల పురుగుకు అది సంక్రమిస్తుంది. అది లేనిదే ఆ పురుగు పెరగలేదు, సంతతి కనలేదు. 2000 సంవత్సర ప్రాంతంలో ఆఫ్రికాలో జరిగిన చికిత్సలలో డాక్సీసైక్లిన్ వాడి ఆ బాక్టీరియాను నశింపజేస్తే, పురుగులు గొడ్డుపోయాయి. తోడును తొలగిస్తే శత్రువు కూలుతుందన్నమాట. ఈ డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల వంశానికి చెందినది. ఆ వంశానికి మూలపురుషుని వంటి మందు కూడా సుబ్బారావు గారి ప్రయోగశాలలోనే పుట్టింది.

మట్టిలో దొరికిన మందు

లెడర్లీలో డెబ్బై ఏండ్లు పైబడిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ సుబ్బారావు గారి బృందంలో చేరి, అనేక ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుండి లభించిన ఆరియోమైసిన్‌ను 1948 జూలైలో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. పెనిసిలిన్‌కు లొంగని అనేక రోగాలు దానికి లొంగాయి. నేడు ఉష్ణమండల స్ప్రూకు వైద్యులు ఇచ్చే చికిత్సలో రెండు మందులు ప్రధానం: ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండవది టెట్రాసైక్లిన్. ఒకటి లోపించిన విటమిన్‌ను భర్తీచేస్తే, మరొకటి తగనిచోట చేరిన బాక్టీరియాను తొలగిస్తుంది. సోదరుని చితి దగ్గర మొదలైన యాత్ర రెండు మార్గాలలో అదే గమ్యానికి చేరింది.

ఆ కలయికను చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. ఆరియోమైసిన్ వెల్లడైన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి ఆయన తుదిశ్వాస విడిచారు. వయస్సు 53 సంవత్సరాలు. అప్పటికి స్వతంత్ర భారతానికి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించకుండానే కన్నుమూశారు. పేటెంట్ల కోసం, ప్రచారం కోసం ప్రాకులాడలేదు. సహచరుల పేర్లు ముందుంచి తాను వెనుక నిలబడ్డారు. ఒక శిలీంధ్ర ప్రజాతికి 1953లో సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వెలువరించింది.

ఆరియోమైసిన్ కథకు మరొక ముగింపు ఉన్నది. ఫోలిక్ ఆమ్ల బృందంలో పనిచేసిన స్టోక్‌స్టాడ్, ఆయన సహచరుడు జూక్స్ 1950లో ఒక విశేషం ప్రకటించారు. ఆరియోమైసిన్ తీసివేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే అవి త్వరగా బరువు పెరిగాయి. ఆ పిప్పిలోని బి–12కు తోడు, మిగిలిన కొద్దిపాటి ఆంటీబయాటిక్ పేగులలోని బాక్టీరియాపై పనిచేయడం కూడా అందుకు కారణమని భావించారు. వెంటనే ప్రపంచమంతటా కోళ్ళకు, పందులకు, దూడలకు ఆరోగ్యంగా ఉన్నపుడు కూడా ఆంటీబయాటిక్ మేపడం ఆచారమైపోయింది. దాని ఫలితంగా మందుకు లొంగని బాక్టీరియా పెరిగింది. ఐరోపా సమాఖ్య 2006లో ఈ పద్ధతిని నిషేధించింది. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే కీలకమైన మందును పశువులకు, కోళ్ళకు వాడరాదని శాసించింది. ప్రాణం నిలిపిన మందే వివేకం లేని వాడుకవలన పదును కోల్పోతున్నది.

తల్లి నుండి బిడ్డకు

ప్రాణులు తమ తోడును సంపాదించుకొనే మార్గాలు ఎన్నో ఉన్నాయి. హవాయి తీరపు చిన్న బొబ్‌టెయిల్ స్క్విడ్ గ్రుడ్డులో నుండి వెలువడిన కొద్ది గంటలలోనే సముద్రపు నీటి నుండి వెలుగునిచ్చే బాక్టీరియాను ఏరి తన దేహంలో నిలుపుకొంటుంది. మన చిక్కుడు తీగలను పట్టే నల్లి జాతిలో తల్లి పురుగు గ్రుడ్ల ప్రక్కనే బాక్టీరియా నింపిన చిన్న గుళికలను ఉంచుతుంది. పిల్లలు బయటికి రాగానే మొదట వాటినే పీలుస్తాయి. ఆ గుళికలు తీసివేస్తే పిల్లలు సరిగా ఎదగవు.

మనిషి శిశువు పుట్టుక వేళ తల్లి దేహం నుండి తొలి బాక్టీరియాను అందుకొంటుంది. తల్లిపాలలో లాక్టోజు, క్రొవ్వు తరువాత ఎక్కువగా ఉండేవి కొన్ని ప్రత్యేక చక్కెరలు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. అవి బిడ్డ పేగులోని బైఫిడో బాక్టీరియాకు ఆహారం. తల్లి తన బిడ్డకు మాత్రమేగాక, బిడ్డ తోడుకు కూడా పాలిస్తున్నదన్నమాట. పెద్దవారి దేహంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని 2016లో ఒక లెక్క కట్టారు. అది మన సొంత కణాల సంఖ్యకు ఇంచుమించు సమానం.

తల్లిదండ్రులకు నా విన్నపాలు మూడు. జలుబుకు, సాధారణ జ్వరానికి దుకాణంలో అడిగి ఆంటీబయాటిక్ కొని పిల్లలకు వేయకండి; వైద్యుడు వ్రాసినపుడు మాత్రం చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడండి. ముర్రుపాలు పారబోయకుండా బిడ్డకు పట్టండి. 2013 నుండి ప్రభుత్వ, సహాయ పాఠశాలలలో వారానికొకసారి ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రను పిల్లలు దాచి పారవేయకుండా చూడండి. ఆ చిన్న మాత్ర వెనుక ఒక సోదరుని చావు, ఒక తల్లి పట్టుదల, ఒక భార్య నిరీక్షణ, ఒక మనిషి నిద్రలేని రాత్రులు ఉన్నాయి.

డెబ్బై ఐదు సంవత్సరాలుగా మన పాఠశాల కూడా తోడు పెట్టే పనే చేస్తున్నది. ఇచట చదివిన తాతల నుండి తండ్రులకు, తండ్రుల నుండి నేటి పిల్లలకు తమిళనేలపై తెలుగు అక్షరం కొద్దికొద్దిగా అందుతూ వచ్చింది. గిన్నె అడుగున ఒక్క చెంచాడు మిగిలినా రేపటి పాలు తోడుకొంటాయి. ఆ చెంచాడును కాపాడవలసినవారము మనమే. మన తరగతి గదుల వెనుక బల్లపై, రెండు పర్యాయాలు పరీక్ష తప్పి తలదించుకొని కూర్చున్న పిల్లలలో మరొక సుబ్బారావు ఉండవచ్చును. ఆ పిల్లవానికి మూడవ అవకాశమివ్వడం మన ధర్మం.